ఓవెన్ గంట మోగినప్పుడు

"బెరిల్ వాళ్ళు ఆదివారం భోజనానికొస్తున్నారు. ఆ ఆపిల్ క్రిస్ప్ చెయ్యి," అన్నాడు రాయిస్, గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటూ.

పాలు పిండి వచ్చాడు. మేజోళ్ళ నుంచి గడ్డిపరకలు నేలమీద రాలాయి. నేను చీపురు అందుకున్నాను. అప్పుడే స్కూలు బస్సు షెడ్డులో పెట్టి వచ్చాను, కోటు ఇంకా ఒంటిమీదే ఉంది. సరే అన్నాను.

బెరిల్ మా ఆయన రాయిస్‌కి అక్క. కొండ దిగువన పట్నంలో ఉంటుంది. మామూలుగా వచ్చినప్పుడు ఏది పెట్టినా తిని పోతుంది. ఆపిల్ ముక్కలమీద ఓట్స్ పొర వేసి కాల్చే ఆ తీపి కావాలని ముందే చెప్పి పంపిందంటే మాట్లాడాల్సిన సంగతేదో ఉందన్నమాట.

మా అత్తవారు కిటెల్ వాళ్ళింట్లో ఒక పద్ధతుంది. ఈ వెర్మాంట్ కొండల్లో మరికొన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్ద భోజనం. తింటున్నంతసేపూ వాన, గడ్డి, ఎవరి ఆవు ఈనింది, ఏ వంతెన కుంగింది, ఇవే మాటలు. అసలు సంగతి ఎత్తేది ఎంగిలి పళ్ళేలు తీశాక, తీపి బల్లమీదికి వచ్చేలోపు. ఆకలిమీద మాట్లాడితే కోపాలొస్తాయని మా అత్తగారు యూనిస్ అనేది. బాగానే ఉంది. కానీ క్రిస్ప్ ఓవెన్‌లోంచి తీసి వెంటనే వడ్డించకూడదు, రసం చిక్కబడేదాకా కాసేపు ఆరనివ్వాలి. మరీ ఆరితే పైపొర మెత్తబడుతుంది. ఆ కాసేపట్లో మీగడ గిలక్కొట్టాలి, కాఫీ పెట్టాలి, గిన్నెలు తియ్యాలి. ఇవన్నీ కోడలు చేసే పనులు. ఇంట్లో సంగతులు తేలే సమయానికి ఇంటి కోడలు వంటింట్లో ఉంటుంది. కావాలని ఎవరూ పెట్టింది కాదు. అలా కుదిరింది.

ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్న నా కూతురి పేరు అలాగే తేల్చారు. ఐరిస్ అని పెట్టుకోవాలని మోసినన్నాళ్ళూ అనుకున్నాను. మీగడ గిన్నె పట్టుకుని వచ్చేసరికి మా మామగారు ఎవరెట్, "యూనిస్ అని పెడుతున్నాం, మీ అత్త పేరు," అన్నారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పియానో రైతుల సంఘం హాలుకి అలాగే వెళ్ళిపోయింది. మేం విడిగా ఉంటున్న పాత ఇల్లు ఖాళీ చేసి ఈ ఇంట్లోకి వచ్చేయడం కూడా అంతే. ప్రతిసారీ ఒకటే మాట: నువ్వు లోపలున్నావుగా, నీకూ చెబుదామనే అనుకుంటున్నాం.

యూనిస్ బతికున్నప్పుడు ఇద్దరం కలిసి వంటింట్లో నిలబడేవాళ్ళం. ఒకసారి నేను గిన్నెలు కడుగుతుంటే నా మణికట్టు పట్టుకుంది. "కుళాయి కట్టెయ్యి. వినపడదు," అంది. చూస్తే ఆవిడ చెప్పు కొస తలుపు సందులో ఉంది. తలుపు మూసుకోకుండా అలా ఆపి, చెవి అటు పెట్టి, చేత్తో మీగడ గిలక్కొడుతోంది. ఈ ఇంట్లో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆ చెప్పు తోలు ఆ ఒక్కచోటే అరిగి ఉంది.

ఈసారి సంగతేమిటో నాకు తెలియకపోలేదు. ఎండాకాలం చివర్లో మా మామగారు కట్టెల పాకలో పడ్డారు. తుంటి విరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ముందు గదిలో మంచం వేశాం. రాత్రుళ్ళు లేవడం, స్నానం, మందులు, పక్క మార్చడం నా పని. నేను బస్సు తీసుకుని వెళ్ళినప్పుడు పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు ఆయన ఒక్కరే ఉంటారు. ఆ సమయానికి రాయిస్ పాలు పిండడం అయిపోయి, పాకలో రేడియో పెట్టుకుని ట్రాక్టరు బాగుచేస్తూ ఉంటాడు. పాకకీ ఇంటికీ మధ్య బట్టలారేసే తీగ ఒక్కటే అడ్డం. అయినా ఆయన ఒక్కరే ఉంటున్నారని అందరూ అంటారు. రాయిస్ లేడని ఎవరూ అనరు.

బస్సు గురించి ఎవరికైనా ఎలా చెప్పాలో నాకు తెలియదు. మంచు కరిగి రోడ్లు బురదైపోయే నెలల్లో ఆ కొండదారిలో బస్సు నడపడానికి మగవాళ్ళే వెనకాడతారు. గేరు ఎక్కడ మార్చాలో, ఏ మలుపులో చక్రం జారుతుందో నా అరికాళ్ళకి తెలుసు. ఎక్కే పిల్లల్లో ఎవరు తినకుండా వచ్చారో మొహం చూస్తే తెలుస్తుంది. ఆ సీట్లో కూర్చున్నంతసేపూ "లోర్నా, అది తీసుకురా, ఇది అందుకో" అనేవాళ్ళుండరు. ప్రపంచంలో నేను కూర్చుంటే ఎవరూ లేపని కుర్చీ అదొక్కటే.

ఆదివారం చర్చి బయట హేటీ నా చెయ్యి పట్టుకుంది. బస్సులో ఆమె మనవలిద్దరు వస్తారు. థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత బస్సు ఎవరు నడుపుతారో తెలిసిందా అని అడిగింది. నేను మానేస్తున్నానని స్కూలు పెద్దాయనతో రాయిస్ చెప్పాడట, ఆయన మనిషి కోసం వెతుకుతున్నాడట. పిల్లలు బెంగపెట్టుకున్నారంది. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. ఆ నవ్వు కారెక్కేదాకా మొహంమీద అలాగే ఉండిపోయింది.

దారిలో రాయిస్‌తో, హేటీ బస్సు సంగతి అడిగిందన్నాను. వైపర్లు ఆడుతున్నాయి. సన్నటి వాన.

"భోజనమయ్యాక మాట్లాడదాం," అన్నాడు.

ఇంటికొచ్చి ఆపిల్స్ ముందేసుకున్నాను. నార్తర్న్ స్పై రకం. అన్నిటికన్నా ఆలస్యంగా చేతికొచ్చేది ఇదే. మెకింటాష్ రకం వేస్తే ఓవెన్‌లో గుజ్జైపోతుంది, స్పై ఎంత కాలినా ముక్క ముక్కలాగే నిలుస్తుంది. తొక్క తీస్తున్నాను. ముందు గదిలోంచి మామగారి దగ్గు వినిపిస్తోంది. లేచి వెళ్ళి దిండు సర్ది వచ్చాను. మళ్ళీ కూర్చున్నాను. దాల్చినచెక్క పొడి, పంచదార ముక్కలకి పట్టించి గాజు పళ్ళెంలో పరిచాను. పైపొరకి ఓట్స్, పిండి, బెల్లం రంగు పంచదార, చిటికెడు ఉప్పు. వెన్న చల్లగా ఉండాలి. వేళ్ళ చివరలతోనే నలపాలి. అరచెయ్యి తగిలితే కరిగి ముద్దవుతుంది, ముద్దైతే పొర కరకరలాడదు. ఆ రోజు వెన్న ముట్టుకోగానే కరిగిపోతోంది. నా చేతులు కాలిపోతున్నాయి. వెళ్ళి కుళాయి కింద పెట్టుకున్నాను. మా నీళ్ళు కొండ ఊటవి, ఎముకలు కొరుకుతాయి. వేళ్ళు మొద్దుబారేదాకా అలాగే నిలబడి, తుడుచుకుని, మళ్ళీ నలిపాను. ఈసారి పలుకుపలుకుగా వచ్చింది. ముక్కలమీద వదులుగా చల్లాను.

స్కూలు పెద్దాయన దగ్గరికి రాయిస్ ఎప్పుడు వెళ్ళుంటాడు? టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉంటాడు. మా ఆవిడ మానేస్తుందండీ, ఇంట్లో పెద్దాయనకి బాగాలేదు అని ఉంటాడు. ఆయన అయ్యో అని ఉంటాడు. ఇద్దరూ వాన గురించి మాట్లాడుకుని ఉంటారు. రాయిస్ చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, తాగడు, నా బస్సులో ఆయిలు కారితే తనే కింద దూరి బాగుచేశాడు. నన్ను అడగాలన్న ఆలోచన అతనికి రాదు, అంతే. పాకలో ఆవుని ఈ గాటి నుంచి ఆ గాటికి మార్చేటప్పుడు కూడా అతను మెడ నిమిరి, నెమ్మదిగానే మారుస్తాడు.

బెరిల్, ఆమె భర్త క్లేటన్ వచ్చారు. అందరూ కూర్చునే ముందు క్రిస్ప్ ఓవెన్‌లో పెట్టి, అయ్యాక గంట మోగేలా టైమర్ తిప్పాను. మామగారిని పట్టుకుని నడిపించుకొచ్చి బల్ల తలదగ్గర కూర్చోబెట్టాను. మాంసం ఆయనకి చిన్న ముక్కలుగా కోసిచ్చాను. దుంపలు, గుమ్మడికాయ, గ్రేవీ అటూ ఇటూ చేతులు మారాయి. వాన సంగతి అయింది. కుంగిన వంతెన సంగతి అయింది. బెరిల్ నా మొహం వైపు చూడకుండా నా వంట మెచ్చుకుంది. ఓవెన్‌లోంచి ఆపిల్, దాల్చినచెక్క వాసన గది నిండా వచ్చింది. రాయిస్ రెండుసార్లు గొంతు సర్దుకున్నాడు.

గంట మోగింది.

నా చేతులు బల్ల అంచుమీదికి వెళ్ళాయి, లేవడానికి. ఏళ్ళ అలవాటు. వాటిని అక్కడే ఉంచాను.

"లోర్నా, మోగుతోంది," అన్నాడు రాయిస్.

వినపడిందన్నాను. దుంపల గిన్నె దగ్గరికి లాక్కుని ఇంకొకటి వేసుకున్నాను. ఆకలి లేదు. కత్తితో కోశాను. గంట దానంతటదే ఆగిపోయింది. మామగారు ఒక్కరే నములుతున్నారు. ఓట్స్ పొర ఎర్రబడటానికి చాలాసేపు పడుతుంది, ఎర్రబడ్డాక నల్లబడటానికి ఏమంతసేపు పట్టదు. అది నాకు తెలుసు, బెరిల్‌కి తెలుసు. మగవాళ్ళిద్దరికీ తెలియదు.

బెరిల్ కుర్చీ జరిపింది. "నేను తీస్తాలే."

"కూర్చో బెరిల్. నువ్వు చుట్టానివి."

కూర్చుంది. చుట్టం లేచి వంటింట్లోకి వెళ్ళడం ఈ ఇంట్లో లేదు. ఆ మర్యాద వాళ్ళమ్మ నేర్పిందే.

క్లేటన్ నవ్వాడు. ఎవరో ఒకరు నవ్వకపోతే ఊరుకోలేని మనిషి. "బస్సులో కూర్చుని కూర్చుని లేవడం మర్చిపోయినట్టుంది."

"బస్సు సంగతి నువ్వే ఎత్తావు క్లేటన్. ఇంకేం, కానివ్వండి."

అతని చెవులు ఎర్రబడ్డాయి. రాయిస్ చేతిగుడ్డ మడతపెట్టాడు, విప్పాడు. తీపి తిన్నాక తీరిగ్గా మాట్లాడదామన్నాడు.

"తీపి తిన్నాక మీరెప్పుడు మాట్లాడారు? నేను తెచ్చేలోపే మాట్లాడేస్తారు. ఇవాళ నేనిక్కడే ఉన్నాను. చెప్పు."

నా గొంతు పెద్దగా లేదు. బస్సులో వెనక సీటు పిల్లలతో మాట్లాడేంతే. రాయిస్ అక్క వైపు చూశాడు. బెరిల్ తన పళ్ళెంలోకి చూసింది. వెన్న కాగే వాసన పోయి పాకం ముదిరిన వాసన, దాని వెనకే చేదు. ఇంత మంచి స్పై ఆపిల్స్. లేవకుండా కుర్చీ కాళ్ళకి నా పాదాలు మెలేసి పట్టుకున్నాను.

మామగారు నమలడం ఆపారు. ఆయనకి ఒక చెవి వినపడదు, ముక్కు మాత్రం బాగా పనిచేస్తుంది. ఏదో మాడుతోందన్నారు. ఎవరూ కదలకపోయేసరికి ఒక్కొక్కరి మొహమే చూశారు. కొడుకుని, కూతుర్ని, అల్లుడిని. ఈ బల్ల దగ్గర ఎన్నో తేల్చిన మనిషి. వాళ్ళ మొహాల్లో ఏముందో ఆయనకి చెప్పక్కర్లేదు.

"నా గురించేనా?" అన్నారు.

ఆయనకీ ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు. ఆయన ఫోర్కు నెమ్మదిగా కింద పెట్టారు. అది పళ్ళేనికి తగిలి చప్పుడైంది.

తలుపు కింద నుంచి సన్నగా పొగ వచ్చింది. రాయిస్ లేచాడు. తను పుట్టి పెరిగిన ఇంటి వంటింట్లోకి చుట్టంలా వెళ్ళాడు. సొరుగులు లాగిన చప్పుడు. ఒకటి, ఇంకొకటి.

"గుడ్డలెక్కడుంటాయి?"

"ఓవెన్ పక్కన, మేకుకి."

ఓవెన్ తలుపు కిర్రుమంది. దగ్గాడు. కిటికీ పైకెత్తాడు. ఏదో కిందపడింది.

బెరిల్ బల్లమీంచి నా వైపు వంగింది. గొంతు తగ్గించింది. "లోర్నా, వాడొచ్చేలోపు నీకేం కావాలో చెప్పు. బస్సు వదలనంటావు, అంతేగా? నేను వాడిని ఒప్పిస్తా. ఇక్కడే తేల్చేద్దాం."

ఎంత తేలికో. ఆమె కళ్ళల్లో మోసం లేదు, సాయం చేద్దామనే ఉంది. మామగారు వినపడే చెవి మా వైపు తిప్పారు. క్లేటన్ తల ఊపాడు. ముగ్గురూ నా మాట కోసం ఎదురుచూస్తున్నారు, ఈ ఇంట్లో మొదటిసారి. పొద్దున మామగారి దగ్గర రాయిస్ ఉంటాడని ఒక్క ముక్క అంటే చాలు. తేలిపోతుంది. అతను చేతిలో వేడి పళ్ళెంతో వచ్చి, గుమ్మంలో నిలబడి, తేలిపోయిన సంగతి వింటాడు. ఆ నిలబడటం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అతనికీ తెలిస్తే బాగుండునని ఒక క్షణం, నిజంగా, నోరు తెరిచాను.

మూసుకున్నాను.

"రానీ," అన్నాను.

రాయిస్ వచ్చాడు. పళ్ళెం బల్లమధ్యలో పెట్టాడు. కింద చెక్క పెట్టాలని తెలియదు, బల్లమీద గుడ్డ కమిలిపోతుంది. పైపొర అంచుల్లో నల్లగా, మధ్యలో ముదురు ఎరుపుగా ఉంది. పగుళ్ళలోంచి రసం ఇంకా బుడబుడమంటోంది. వేలు కాల్చుకున్నట్టున్నాడు, నోట్లో పెట్టుకున్నాడు. గుమ్మం వైపు, మా వైపు చూస్తూ నిలబడ్డాడు. తను లేనప్పుడు ఏదో అయిపోయిందని అతనికి అనిపించినట్టుంది. భుజాలు దిగిపోయాయి.

"ఏమనుకున్నారు?" అన్నాడు.

"ఏమీ అనుకోలేదు. నువ్వు లేవుగా. కూర్చో."

కూర్చున్నాడు. మీగడ లేదు, కాఫీ లేదు. మామగారు నా వైపు చూస్తున్నారు. నేను చేతులు బల్లమీద పెట్టుకున్నాను. అవి చల్లగా ఉన్నాయి.

"బస్సు నేను మానడం లేదని రేపు పొద్దున స్కూలు పెద్దాయనకి నేనే చెప్తాను. నేను బయటున్నప్పుడు మామయ్య దగ్గర ఎవరుండాలో ముందు ఆయన్నడగండి, తర్వాత తండ్రీ పిల్లలు మీరు ముగ్గురూ మాట్లాడుకోండి. సాయంత్రమైనా సరే, నేను వింటూ కూర్చుంటాను."