పసుపు గీత కింద

ట్రాక్ మీదికి వెళ్లే పిట్ దారి మూయడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. ఇరవై ఏడో నంబరు కారు ఇంజను నడుస్తోంది. నేను దాని ముందు నేలమీద కూర్చుని, వెనక ఎడమ చక్రం నట్టు వదులుగా ఉందని, ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా లేవనని చెప్పాను.

కారులో డ్రైవర్ సిగ్నే రెండు చేతులూ ఎత్తింది. ఆ దారి మూస్తే అందరూ వెళ్లాక చివర్న బయలుదేరాలి. సీజన్‌లో ఇదే ఆఖరి రేసు. టైటిల్ కోసం మా టీమ్ రెండో కారు నడిపే థైస్‌కంటే ఆమె మూడంటే మూడు పాయింట్లు ముందుంది.

"లే, హిల్కే," అన్నాడు మా మేనేజర్ ఆర్నౌట్. థైస్ ఆయన అల్లుడు. "నిరుడు తమ్ముడి కాలు, ఈ ఏడు సిగ్నే టైటిల్. ఇంకేం మిగిల్చావు తల్లీ?"

డేరాలో మిగతా మెకానిక్‌లు పని ఆపి నావైపు చూశారు.

నిరుడు ఇదే జోల్డర్ ట్రాక్ మీద, ఆఖరి రేసు రెండో ల్యాప్‌లో, నా తమ్ముడు యోరిస్ కారు వెనక చక్రం ఊడిపోయింది. కారు గోడను గుద్దింది. వాడి చీలమండ నుజ్జయింది. ఇప్పుడు ట్రాక్ పక్క పిట్ గోడ దగ్గర చేతికర్రతో నిలబడి డ్రైవర్లతో రేడియోలో మాట్లాడతాడు. వాడికి రావాల్సిన టైటిల్ థైస్‌కు పోయింది. తప్పు నాదని తేల్చారు, నట్టు మీద నా పసుపు గీత ఉంది కాబట్టి.

మా పద్ధతి అలాంటిది. గ్యారేజీలు పెద్ద రేసు వాళ్లవి. వాళ్ల రేసుకు ముందు పరిగెత్తే మా చిన్న జీటీ సిరీస్‌కు డేరాలు. మా రేసు మధ్యలో చక్రాలు మార్చేది ఉండదు, కాబట్టి పొద్దున బిగించిన నట్టును రేసు అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. చక్రానికి ఒకటే పెద్ద నట్టు. సరిపడా బిగిసిందని టార్క్ రెంచ్ టక్కుమన్నాక నట్టు మీంచి చక్రం మీదికి రంగు గీత గీస్తాం. ఒక్కో మెకానిక్‌ది ఒక్కో రంగు. గీత తెగకపోతే నట్టు కదలనట్టే. గీత ఎవరిదో బాధ్యత వాళ్లది.

ఆర్నౌట్ నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. అందరి ముందూ నిలబెట్టి క్షమించాడు. అంతకంటే తన్నినా బాగుండేది.

చలికాలంలో, విచారణ ముగిశాక, ఆ నట్టు నా చేతికి తిరిగొచ్చింది. పసుపు రంగును గోటితో గీకితే కింద నల్లటి బ్రేకు దుమ్ము కనపడింది. తుడవకుండా నేనెన్నడూ గీత గీయలేదు. ఎవరో నట్టు వదులు చేసి, నా గీత చెరిపి, నా పెన్నుతో కొత్తది గీశారు. చెబితే కట్టుకథ అంటారు. అందుకే జాండ్‌వోర్ట్ ట్రాక్ ఇసుకలో, స్పా ట్రాక్ వానలో నోరు మూసుకుని పని చేశాను. ఆర్నౌట్ తెచ్చిచ్చిన కాఫీ తాగాను. ప్రతి రేసుకూ పాయింట్లు లెక్కపెడుతూ, ఆఖరి రోజుకు థైస్ రెండో స్థానంలో ఉండాలని కోరుకున్నాను, అప్పుడే ఆ చెయ్యి మళ్లీ నట్టు జోలికొస్తుందని. ఉన్నాడు.

ఈ పొద్దున పదకొండున్నరకు సిరీస్ ఇన్‌స్పెక్టర్ ఓదిల్ మేడమ్‌ను రప్పించాను. ఆవిడే రెంచ్ పట్టుకుని నాలుగు నట్లూ పరీక్షించింది. ఆవిడ కళ్లముందే ఒక్కోదాని మీద నట్టు నుంచి చక్రం దాకా సూదితో వెంట్రుకంత గీటు పెట్టి, దాన్ని కప్పుతూ పసుపు గీత గీశాను. తర్వాత మెకానిక్‌లందరం ఎప్పటిలా బంగాళాదుంప ఫ్రైస్ బండి ముందు క్యూ కట్టాం. మయోనైజ్ ఎక్కువ వేయించుకుని నింపాదిగా తిన్నాను. తిరిగొచ్చి చూస్తే వెనక ఎడమ నట్టు మీద గీత తడిగా ఉంది. మేడమ్‌కు కబురు పెట్టి కారు ముందు కూర్చున్నాను.

నాలుగు నిమిషాలుందనగా ఓదిల్ మేడమ్ డేరాలోకి వచ్చింది.

మేం తిండికి వెళ్లినప్పుడు ఎవరైనా వచ్చారా అని ఆర్నౌట్‌ను మర్యాదగానే అడిగాను.

"ఎవరొస్తారు? మీరంతా బంగాళాదుంపల వెంట పడ్డారు, కాపలా ఉన్నది నేనొక్కడినే. కుర్చీలోంచి లేవలేదు, ఈగ కూడా వాలలేదు." మేడమ్ వైపు తిరిగాడు. "గీత ఈమెదే, రంగు ఈమెదే. బిగించడం మరిచిపోయింది, నిరుటిలాగే."

మేడమ్ ఆ మాటలు మాటకు మాట రాసుకుంది. తర్వాత గుడ్డ తడిపి పసుపు గీత తుడిచేసింది. నట్టు మీది గీటు ఒకచోట ఉంది, చక్రం మీది గీటు బొటనవేలంత ఎడంగా ఉంది.

"పదకొండున్నరకు ఈ రెండూ కలిసే ఉన్నాయి," అంది. "రెంచ్ పట్టుకున్నది నేనే."

ఆర్నౌట్ అల్లుడి వైపు చూశాడు. పక్కన తన కారెక్కబోతున్న థైస్ చేతి తొడుగులు విప్పి నేలమీద పడేసి, మామకు దూరంగా జరిగాడు.

మేడమ్ చూస్తుండగా నట్టు బిగించాను. టక్కుమంది. ఇంకా ఒకటిన్నర నిమిషం ఉండగానే సిగ్నే డేరా దాటింది. ఫిర్యాదు ఎవరి మీదో పేరు పెట్టి నోటితో చెప్పాలంది మేడమ్, కాగితం తీస్తూ.

నేను రేడియో బటన్ నొక్కాను, పిట్ గోడ దగ్గర అందరికీ వినపడేలా.

"యోరిస్, వింటున్నావా?"

"చెప్పక్కా."

"ఈ రోజు సిగ్నే చక్రం వదులు చేసిన చెయ్యే నిరుడు నీది కూడా వదులు చేసింది. ఆ చెయ్యి ఆర్నౌట్ వెర్‌స్టెగెన్‌ది."