రావాకు గుర్తు

రంజాన్ బీ ఫిరంగి నోట్లోకి తడిగుడ్డ దోపుతోంది. పొడుగాటి కర్ర చివర గుడ్డ చుట్టి, బకెట్లో ముంచి, అడుగు తగిలేదాకా నెట్టి, మెలితిప్పి లాగుతుంది. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అదే పని. ఆ ఫిరంగి పేలి ఎనిమిదేళ్ళయింది. తుడవడానికి అందులో మసి కూడా లేదు, పిచ్చుకలు తెచ్చిన పుల్లలు తప్ప. అయినా తుడుస్తుంది.

పొట్టి మనిషి. ఎండిన కట్టెపుల్లల్లాంటి చేతులు. కుడి బొటనవేలి గోరు నల్లబడి సగానికి అరిగిపోయింది. అదెందుకు అరిగిందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. పనిమనిషి గోళ్ళు చూసే తీరిక ఎవరికుంది?

ఫిరంగి విష్ణువర్ధన్ రెడ్డిది. దారిన పోయే గుత్తి బస్సులో వాళ్ళందరికీ కనబడేలా వాకిట్లో రెండు బండరాళ్ళ మీద పెట్టించాడు. కంపెనీ దొరల మీదికి ఎక్కుపెట్టడానికి తన తాతల తాత సొంత కొలిమిలో దాన్ని పోత పోయించాడని చెబుతాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు చెబుతాడు, ఎన్నికలొస్తే మైకులో చెబుతాడు. వినేవాళ్ళ కాఫీ చల్లారిపోవాల్సిందే గానీ ఆ కథ అయిపోదు.

దాన్ని పేల్చే పని తరతరాలుగా రంజాన్ బీ అత్తింటివాళ్ళది. ఏడాదికోసారి, దసరాకు. చివరిసారి పేల్చింది ఆమె భర్త కరీం సాబ్, దసరా కాకపోయినా, రెడ్డి మండలాధ్యక్షుడిగా గెలిచిన రోజు. ఒకసారి పేల్చగానే రెడ్డి ఇంకోసారి పేల్చమన్నాడు.

“తడిగుడ్డతో తుడవల్ల సామీ. లోపల నిప్పు ఉండాది,” అన్నాడు కరీం సాబ్.

“మంత్రి కారు పోతాండాది. ముందు పేల్చప్పా!”

నిప్పురవ్వలు మిగిలిన గొట్టంలోకి మళ్ళీ తుపాకిమందు పోశాడు. కర్రతో కూరుతుండగానే అంటుకుంది. ఆ కర్రే వెనక్కొచ్చి అతని ఛాతీలో దిగింది. పోలీసులొచ్చేసరికి రెడ్డి దగ్గర మాట సిద్ధంగా ఉంది. తాగి ఉన్నాడు, అంతే. సారా వాసనే పడని మనిషి కరీం సాబ్. ఆ ఒక్క మాటతో జనాజా మోయడానికి సొంతవాళ్ళే వెనకాడారు. భర్త పోయినందుకు రంజాన్ బీ ఏడ్చింది గానీ ఆ మాటకు మాత్రం ఏడవలేదు. ఏడిస్తే కోపం కరిగిపోతుందని భయం.

నెల తిరక్కముందే రెడ్డి జాలిపడి ఆమెకు ఫిరంగి తుడిచే పని ఇచ్చాడు. ఊరు ఊరంతా ఆయన మంచితనాన్ని మెచ్చుకుంది. ఆమె వెంటనే చేరింది. రోజూ వాడి మొహం చూస్తుంటే పగ మరిచిపోయే ప్రమాదం ఉండదు.

ఫిరంగి వెనకభాగాన, పైన, రావాకు, అంటే రావిచెట్టు ఆకు, ఆకారంలో ఒక గుర్తు ఉండేది. లోపల ఇంగ్లీషు అక్షరాలు, పక్కన అంకెలు. ఎవరో కాలేజీ మాస్టరు దాన్ని గురించి గుచ్చి గుచ్చి అడిగాక రెడ్డి అందులో లప్పం పెట్టించి పైన నల్లరంగు వేయించాడు. ఏదో లేకపోతే ఎందుకు దాస్తాడు? రంజాన్ బీకి అంతకంటే తెలియనక్కర్లేదు. రోజూ తుడిచే నెపంతో గోటితో ఇసుకరేణువంత గీకేది. గీకిన చోట ఆముదంలో మసి కలిపి పూసేది.

ఇవాళ మసి పూయలేదు. పాత ఫిరంగులను పరిశోధించే లహరి అనే ఆఫీసరమ్మ హైదరాబాదు నుంచి వస్తోంది. తన వంశం పేరు పుస్తకంలోకి ఎక్కాలని రెడ్డే పిలిపించాడు. రంజాన్ బీ గుర్తు గాట్లలోకి వేలితో సున్నం రుద్ది, పైపైన తుడిచి, పక్కకెళ్ళి నిలబడింది.

లహరి టేపుతో పొడవు కొలిచింది, నోరు కొలిచింది. రెడ్డి కథ చెబుతూనే ఉన్నాడు. పిలిపించుకున్న జనం, ఇద్దరు విలేఖరులు వింటున్నారు. లహరి ఫిరంగి వెనకవైపుకు వచ్చి వంగింది. నల్లటి ఇనుము మీద తెల్లగా ఆకు.

“సార్, ఇది మీ ఇంట్లో పోత పోసింది కాదండీ. ఇది కంపెనీ ముద్ర. గుత్తి కొండమీద కోటలో ఉన్న ఫిరంగుల మీద కూడా ఇదే ముద్ర, ఇదే వరస అంకెలు. కోట ఫిరంగి మీ వాకిట్లోకి ఎలా వచ్చింది?”

“కంపెనీ మీద కొట్లాడినోళ్ళకు కంపెనీ ఫిరంగి ఎట్లొచ్చెనప్పా?” అన్నాడు జనంలోంచి నరసింహప్ప. ఎవరో కిసుక్కున నవ్వారు.

రెడ్డి వంగి ఆ ఆకును చూశాడు. “లప్పం... దాంట్లో లప్పం ఉండల్ల కదా!” అని నోరు జారాడు.

“నేనే తీసినా.” రంజాన్ బీ ముందుకొచ్చింది. ఎనిమిదేళ్ళు సామీ అని పిలిచిన నోరది. “ఆపొద్దు నువ్వు తుడవనీలేదు రెడ్డీ. అందుకే ఈపొద్దు బాగా తుడిచినా. మా ఇంటాయన తాగలేదు. ఇంతమంది ముందర చెప్పు.”

రెడ్డి చెప్పలేదు. లోపలికిపోయి తలుపేసుకున్నాడు. రంజాన్ బీ బకెట్టు బోర్లించి, కర్రను గోడకు ఆనించి, మధ్యాహ్నం బస్సుకు రాయదుర్గంలో జీన్స్ కుట్టే కూతురు ఆరీఫా దగ్గరికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు ఆరీఫా కబురు తెచ్చింది. “అమ్మీ, ఫిరంగిని గవర్నమెంటోళ్ళు లారీకి ఎత్తుకొని పోయినారంట.”

“రెడ్డి యాడుండినాడంట?”

“వాకిట్లోనే నిలబడినాడంట. లారీ కదిలేదాకా చూస్తాండినాడంట.”

“ఇంగొక ముద్ద పెట్టు,” అంది రంజాన్ బీ. సంగటి నింపాదిగా తింటూ, ఆ సంగతి మొదటినుంచీ మళ్ళీ చెప్పించుకుంది. చెప్పమన్న మాట రెడ్డి నోట రాలేదన్న కసి మాత్రం సగం అలాగే మిగిలింది.

ఆ ఎండాకాలమే, కుట్టుమిషన్ల చప్పుడులో, రంజాన్ బీ మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. కరీం సాబ్ జనాజాకు వెనకాడినవాళ్ళు ఆమెను మోయడానికి పిలవకుండానే బస్సెక్కి వచ్చారు.

రెడ్డి వాకిట్లో ఫిరంగిని మోసిన రెండు బండరాళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి, నడుమ గుండ్రంగా అరిగిన పల్లంలో ఆ ఏడాది పడిన ఒకే ఒక్క వాన నీళ్ళతో.