గట్టెక్కిన గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. ఒక్క వాయికి పాతిక కిలోల బియ్యం వండుతాను. మెడ దగ్గర సన్నంగానే ఉంటాను గానీ నడుము సంగతి మాత్రం అడక్కండి. నన్ను కదిలించాలంటే రెండు చెవుల్లోనూ వెదురుబొంగు దూర్చి ఇద్దరు మగవాళ్లు భుజాలకెత్తుకోవాలి. ఆడవాళ్లయితే కనీసం నలుగురు కావాలంటారు. అదంతా ఉత్త మాట. తూములపాలెం ఆడవాళ్లు ముగ్గురే నన్ను మైలు దూరం మోసుకెళ్లారు, అదీ పాటలు పాడుకుంటూ! ఆ రోజు తలచుకుంటే పొయ్యి వెలిగించకుండానే నా అడుగు వేడెక్కుతుంది. చెబుతాను, వినండి.

నన్ను చేసింది గోదావరి పక్కన ఒక కంచరి వీధిలో. పన్నెండు రోజులు సుత్తిదెబ్బలు తిన్నాను. ఆ నొక్కులన్నీ కలిసి నా ఒంటికి చేపపొలుసుల్లాంటి మెరుపొచ్చింది. చేసినాయన భార్య వచ్చి వేలి కణుపుతో నా నడుము మీద తట్టి, మోత విని, "పెళ్లిళ్లు చూస్తుందిది" అంది.

చూశాను. తూములపాలెంలో ఒక మోతుబరి నన్ను కొన్నాడు. ఆయన ఇంటి పెళ్లిళ్లే కాదు, ఆ వీధివాళ్లందరి పెళ్లిళ్లకూ అన్నం వండాను. అడిగినవాళ్లకల్లా ఇచ్చేవాడు, మంచివాడే. ఒకసారి మాత్రం మాలపల్లె నుంచి ఒక కూలీ వచ్చి, కూతురు పెళ్లికి గుండిగ కావాలని వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గుండిగ కళాయికి వెళ్లిందిరా" అని లోపలినుంచి జవాబు వచ్చింది. నేను గోడకి ఇవతలే ఉన్నాను. ముందురోజే వేసిన కళాయి నా లోపల వెండిలా మెరిసిపోతోంది! మనుషులు నా గురించి ఆడిన మొదటి అబద్ధం అది. ఆ పెళ్లికూతురి పేరు నిరీక్షణమ్మ. ఆమె పెళ్లిభోజనం చిన్నచిన్న గిన్నెల్లో, పదకొండు పొయ్యిల మీద వండారని తర్వాత విన్నాను.

కాలం మారింది. పెళ్లిళ్లకు వంటవాళ్లే అల్యూమినియం పాత్రలు వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మోతుబరి కొడుకులు నన్ను టౌనులో పాత ఇత్తడి కొట్టుకు అమ్మేశారు. కొట్టువాడు నన్ను ముక్కలు చేయడానికి సమ్మెట ఎత్తాడు. సరిగ్గా అప్పుడే ఆ దారిన వెళుతున్న ఒక ఆడమనిషి "ఆగవయ్యా!" అని వీధంతా వినబడేలా అరిచింది.

ఆమే నిరీక్షణమ్మ. అప్పటికి ఆమె బడిలో పిల్లలకు మధ్యాహ్నభోజనం వండే పనిలో ఉంది. మారు ఇత్తడి తూకానికి తూకం తెస్తే ఇస్తానన్నాడు కొట్టువాడు. మర్నాడు పల్లె చర్చిలోని స్త్రీల సమాజమంతా ఆటో ఎక్కి వచ్చేసింది. ఒక పళ్లెంలో నేను, రెండో పళ్లెంలో వాళ్ల ఇళ్లల్లోని ఇత్తడి. పుట్టింటివాళ్లిచ్చిన చెంబులు, చిల్లుపడ్డ బిందె, పిల్లలకు పాలు కాచిన గిన్నె, మరచెంబులు రెండు. ముల్లు కదిలింది గాని, సమానంగా నిలబడలేదు. అందరూ చేతులూ మెడలూ తడుముకుంటున్నారు. వెనకనుంచి ఒక ముసలామె వచ్చి, తన చేతికర్ర చివరనున్న ఇత్తడి పొన్ను ఊడబీకి పళ్లెంలో వేసింది. ముల్లు మధ్యకొచ్చి ఆగింది! ఆ కొట్టులో లేచిన కేకలకు పక్క వీధివాళ్లు పరుగెత్తుకొచ్చారు. కొట్టువాడు సమ్మెట పక్కన పడేసి తనూ నవ్వాడు.

అలా నేను చర్చి వెనక గదికి చేరాను. ఏటా క్రిస్మస్‌కు నాలో ప్రేమవిందు వండేవారు. గది తాళంచెవి సంఘపెద్ద బర్నబాసుగారి దగ్గర ఉండేది. రిటైరైన పోస్టుమాస్టరు, క్రమం తప్పని మనిషి. నా కళాయి తగ్గితే నాకంటే ముందు ఆయనే కంగారుపడేవాడు. ప్రేమవిందు రోజున ఒక చీటీ పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. సభ్యుల పేర్లన్నీ అందులో ఉండేవి. పేరున్నవాళ్లు ముందు తినాలి, లేనివాళ్లు మిగిలితే తినాలి. ప్రేమకు చీటీ ఎందుకో గుండిగకు అర్థం కాదు. మనుషులకు అర్థమయ్యే ఉంటుంది.

ఒక ఏడాది డిసెంబరు మొదటివారంలో గాలివాన వచ్చింది. పల్లెలో రెండిళ్ల కప్పులు లేచాయి, అంతే. కాలువగట్టు మీద చేపలు పట్టుకుని బతికే యానాదుల గుడిసెలు మాత్రం ముప్పై రెండూ ఎగిరిపోయాయి. తాటాకులు, వలలు, గంజికుండలు అన్నీ కాలువలో కలిశాయి. తెల్లారేసరికి పిల్లాజెల్లా అందరూ ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని తడి మన్నులో కూర్చున్నారు.

నిరీక్షణమ్మ బర్నబాసుగారి ఇంటికి పరుగెత్తింది. "పెద్దయ్యా, గది తాళం ఇయ్యండి. గుండిగ గట్టు మీదకు తీసుకుపోవాల" అంది. ఆయన మారుమాట్లాడకుండా ఇచ్చాడు. క్రిస్మస్ కోసం దాచిన బియ్యంలోంచి బస్తా కూడా ఆయనే తీయించాడు. ఆ రోజు నుంచి మూడు రోజులు గట్టు మీదే ఉడికాను. పల్లెలో ప్రతి ఇంటినుంచీ బియ్యం, పప్పు, ఎండుమిరపకాయలు వచ్చాయి. చెంచమ్మ అనే యానాది ఆమె నా పక్కనే కూర్చుని పొయ్యి ఎగదోసేది. తడికట్టెల్ని సైతం మండించే ఊపిరి ఆమెది!

మూడో రోజు సాయంత్రం గ్రామ సచివాలయం గోడ మీద సాయం అందేవాళ్ల జాబితా అంటించారు. బియ్యం, ప్లాస్టిక్ పట్టా, ఇల్లు వేసుకోడానికి డబ్బు. అందులో గట్టువాళ్ల పేరు ఒక్కటీ లేదు. గుడిసెలకు ఇంటినంబర్లు లేవు, నంబరు లేనిది రేషన్‌కార్డు లేదు, కార్డు లేనిది జాబితాలో పేరు లేదు.

ఆ సాయంత్రం బర్నబాసుగారు గట్టుకు వచ్చాడు.

"నిరీక్షణా, మన చేతనైనంత చేశాం. ఇంక పిల్లల క్రిస్మస్‌కైనా బియ్యం ఉండొద్దా? రేపు గుండిగ గదికి చేర్చండి."

"చేరుస్తాం పెద్దయ్యా. ముందు మండలాఫీసుకు తీసుకుపోతాం. ఆడ వండుతాం. పేర్లు రాసిందాకా వండుతాం."

"వంటావార్పా? నీకేమన్నా మతిపోయిందా? బడివంట నీకు ఇచ్చింది ఎవరు? ఆఫీసువాళ్లు. తల్చుకుంటే ఒక్క కాయితంతో తీసేస్తారు."

నిరీక్షణమ్మ గరిటె నాలోనే వదిలేసి లేచింది.  గరిటె నా అంచుకు తగిలి ఖంగుమంది.

"భయమే పెద్దయ్యా. అది పోతే మా ఇంట్లో పొయ్యెలగదు. కానీ ఈ చెంచమ్మను చూడండి. రోజూ గిన్నె పట్టుకొని మన ముందర నిలబట్టం ఆమెకు మాత్రం బాగుందా? పెట్టి ఊరుకుంటే మనం మంచోళ్లం అనిపించుకుంటాం, వాళ్లు గట్టు మీదే ఉంటారు. దేవుడు మనకు నోరిచ్చింది పాటలు పాట్టానికేనా?"

బర్నబాసుగారు గొడుగు మూసి, వానలో తడుస్తూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నిరీక్షణమ్మ, ఆమె తోడికోడలు, చెంచమ్మ ముగ్గురూ నన్ను ఎత్తారు. వెనక గట్టు మీది జనమంతా! మగవాళ్ల తలల మీద కట్టెలు, ఆడవాళ్ల చంకల్లో పిల్లలు, పిల్లల చేతుల్లో సత్తుపళ్లేలు. స్త్రీల సమాజం కంజరలు పట్టుకొచ్చింది. పాట అందుకున్నారు. ఆ పాట రాని యానాదులు కూడా చప్పట్లు కలిపారు. బస్సులు ఆగిపోయాయి. టీకొట్లవాళ్లు బయటికొచ్చి చూశారు. ఎన్నో పెళ్లి ఊరేగింపులు చూశాను గాని, ఊరేగింపులో నేనే పెళ్లికొడుకుని కావడం అదే మొదలు!

మండలాఫీసు గేటు ముందు మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారు. ఎస్సై వచ్చాడు. "ఆర్పండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఒక కానిస్టేబుల్ బకెట్టు నీళ్లు తెచ్చి పొయ్యి మీద కుమ్మరించాడు. పొగ కమ్ముకుంది, పిల్లలు ఏడ్చారు. చెంచమ్మ బోర్లా పడుకుని ఊదడం మొదలుపెట్టింది. ఊదింది, ఊదింది, తడికట్టె బుసకొట్టింది, చిటపటమంది, మండింది! జనమంతా హోరుమన్నారు. కానిస్టేబుల్ మళ్లీ బకెట్టు తీసుకున్నాడు గాని, ఎందుకో నింపలేదు.

అప్పుడు తహశీల్దారు మేడమ్ మెట్లు దిగి వచ్చింది. గాలివాన రోజునుంచీ నిద్రలేని కళ్లు. నిరీక్షణమ్మను ఎగాదిగా చూసింది.

"నువ్వు బడిలో వంట చేసేదానివి కదూ? ప్రభుత్వం జీతం తీసుకుంటూ ధర్నాలా? నీ పేరేంటి? రాసుకుంటాను."

 నాలో ఎసరు మరుగుతోంది.

"రాసుకోండమ్మా. నిరీక్షణమ్మ. ముందు నా పేరే రాయండి. దాని కిందే ఇంకో ముప్పై రెండు పేర్లు చెప్తాను, అయ్యి కూడా రాయండి."

మేడమ్ కలం గాల్లో ఆగింది. "ఎలా రాయమంటావ్? వాళ్ల ఇళ్లకు నంబరే లేదు. అక్కడ ఇళ్లున్నాయని నేనెలా నమ్మాలి?"

నిరీక్షణమ్మ నోరు తెరిచింది గాని పక్కకు తప్పుకుంది. చెంచమ్మను భుజం పట్టి ముందుకు తెచ్చింది. "నువ్వు చెప్పు అక్కా" అంది. మసి మొహంతో, ఇంకా రొప్పుతూ చెంచమ్మ మాట్లాడింది. జన్మలో ఆమె ఒక ఆఫీసరుతో మాట్లాడడం అదే మొదటిసారి.

"మా గుడిసెకి నెంబరు లేదమ్మా. గాలివానకి మాత్రం ఎట్టా తెలిసింది, మా గుడిసె ఏడుందో?"

 ఎస్సై టోపీ తీసి తల తుడుచుకున్నాడు. తర్వాత మేడమ్ వెనక్కి తిరిగి, "కుర్చీ, కాగితాలు ఇక్కడికే తీసుకురండి" అంది.

రాశారు! గేటు ముందే, నా పొగలోనే కూర్చుని రాశారు. నిరీక్షణమ్మ ఒక్కొక్కరినీ పిలిచింది, ఒక్కొక్కరూ తమ పేరు తామే చెప్పుకున్నారు. కొందరు మొదటిసారి గొణిగి, రెండోసారి గట్టిగా చెప్పారు. ఇరవయ్యో పేరు దగ్గర ఎవరికో గుర్తొచ్చింది: "అయ్యో, అన్నం!" అడుగంటింది. నా బతుకులో అంత మాడిన అన్నం ఎన్నడూ వండలేదు, అంత ఇష్టంగా తిన్నవాళ్లనూ ఎన్నడూ చూడలేదు. నా పొయ్యి మీద నీళ్లు పోసిన కానిస్టేబులే మొదటి విస్తరి అందుకున్నాడు.

నిరీక్షణమ్మకు తర్వాత ఒక మెమో వచ్చింది. ఆమె సంజాయిషీ రాసిచ్చింది. దానికి బర్నబాసుగారే మంచి భాషలో చిత్తు రాసిపెట్టాడు. ఉద్యోగం పోలేదు.

ఇక పేర్లు రాసిన రోజే మధ్యాహ్నం, నన్ను మళ్లీ గట్టుకు మోసుకొచ్చి చెంచమ్మ చోట దించాక, ఒక గుమాస్తా ఎర్రరంగు డబ్బా పట్టుకుని గట్టుకొచ్చాడు, నంబర్లు వేయడానికి. వేయాలంటే గోడలేవీ? ప్లాస్టిక్ పట్టా మీద రంగు నిలవలేదు. ఒకరిది బండరాయి మీద వేశాడు, ఒకరిది తిరగేసిన పడవ అడుగున వేశాడు. చెంచమ్మ చోట నేను తప్ప గట్టి వస్తువు ఇంకేదీ లేదు. నా నడుము మీద పెద్దగా '1' అని వేసి, "పై ఆఫీసరు వచ్చి తనిఖీ చేసిందాకా నంబరున్న వస్తువుల్ని కదిలించకూడదు" అని గట్టిగా చెప్పి వెళ్లాడు.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు బర్నబాసుగారు ఇద్దరు మనుషుల్నీ వెదురుబొంగునూ వెంటబెట్టుకుని వచ్చాడు. నంబరు చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"తీసుకుపోతే మా ఇల్లు పోద్ది పెద్దయ్యా" అంది చెంచమ్మ.

ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి, గవర్నమెంటు నంబరును ఎలా కాదంటాడు? ఆ సాయంత్రం చర్చిలో లేచి, "ఈ సంవత్సరం ప్రేమవిందు కాలువగట్టు మీద" అని చదివాడు. స్త్రీల సమాజం వైపునుంచి చప్పట్లు మోగాయి. చర్చిలో చప్పట్లేమిటని ఆయన కోప్పడ్డాడు గాని, ఎవరూ వినలేదు.

క్రిస్మస్ రోజున పల్లె మొత్తం గట్టెక్కింది. నాలో అన్నం, పక్క గిన్నెలో యానాదులు పట్టుకొచ్చిన కొరమీను పులుసు. బర్నబాసుగారు అలవాటు కొద్దీ చీటీ తీశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. గట్టుకు గుమ్మం ఉండదు కదా! చీటీ మడిచి జేబులో పెట్టుకుని, పంక్తిలో ఖాళీ కనబడ్డచోట కూర్చున్నాడు. చెంచమ్మ వడ్డిస్తూ ఆయన దగ్గరికొచ్చింది. ఒక ముద్ద తిని ఆయన విస్తరి కొంచెం ముందుకు జరిపాడు. "ఇంకాస్త పులుసు వెయ్యి తల్లీ" అన్నాడు.

ఇప్పుడు గట్టు వెనక ముప్పై రెండు పక్కా ఇళ్లు ఉన్నాయి. గుమ్మాల మీద రేకుల నంబర్లు ఉన్నాయి. నేను మాత్రం గట్టు మీదే, చెంచమ్మ ఇంటి ముందు ఉన్నాను. పై ఆఫీసరు వచ్చి తనిఖీ చేసేదాకా నన్ను కదిలించకూడదు మరి. ఆరేళ్లయింది, ఆయన ఇంకా రాలేదు. రమ్మని ఎవరూ అర్జీ పెట్టడం లేదు. రేపే క్రిస్మస్. రాళ్లు సర్ది నా అడుగున కట్టెలు పేర్చారు. బర్నబాసుగారు పొద్దున్నే కర్ర పోటేసుకుంటూ వచ్చి, కొరమీను దొరికిందా లేదా అని చెంచమ్మను రెండుసార్లు అడిగి వెళ్లాడు.