రొట్టెతో సహా లేచిపోయిన మంట

సాయంత్రం మజిలీ చేరగానే మా గద్దీ కాపరుల్లో ఎవరి పని వాళ్ళకుంటుంది. ఒకరు గొర్రెల్ని మళ్ళేసి కూర్చోబెడతారు. ఒకరు కుక్కల మెడలకు ముళ్ళపట్టీలు బిగిస్తారు, చిరుతపులి నోటికి మెడ అందకుండా. ఒకరు కట్టెలు ఏరుకొస్తారు. రొట్టెలు కాల్చే పని నాది. బాగా కాలుస్తానని కాదు. నేను అదిలిస్తే గొర్రెలు నా మొహం చూసి మళ్ళీ మేతలో పడతాయి, కుక్కలకు నా మీద గౌరవం లేదు, కట్టెలకు పంపితే ఆ కట్టెల మీదే కునుకు తీస్తాను. ఇక మిగిలింది మొక్కజొన్న పిండి. అది ఎక్కడికీ పారిపోదని నాకు అప్పగించారు.

ధౌలాధార్ కొండల మీద పొద్దు మెల్లగా వాలదు, ఎవరో విసురుగా తలుపు వేసినట్టు పోతుంది. వెచ్చగా ఉండాలంటే ఆ తలుపు పడకముందే అన్నీ చూసుకోవాలి. చెమట పట్టిన చొక్కా విప్పి పొడిది వేసుకోవాలి. పైన గొంగళి ఎంత మంచిదైనా, కింద ఎండుగడ్డి మందంగా లేకపోతే నేల వీపులోంచి ప్రాణం పీల్చేస్తుంది. పొయ్యి పక్కన కాగిన గుండ్రాయి ఒకటి గుడ్డలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకోవాలి. పడుకునే ముందు రొట్టె మీద నెయ్యి, పిడికెడు అక్రోట్లు. ఒంటి మీద మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని అంగీ, చోలా, ఎలాగూ ఉంటుంది. దాని మీద నడుం చుట్టూ నల్ల ఉన్ని తాడు చుట్లు చుట్లుగా బిగిస్తాం. తాడుకి పైన, చోలా లోపల, సంచిలాంటి చోటొకటి ఏర్పడుతుంది. నడవలేని గొర్రెపిల్లల్ని అందులో వేసుకుని కొండలెక్కుతాం.

ఇవన్నీ సర్దుకుని అందరూ కూర్చున్నాక మంట లేచి, ఎవరికి ఎక్కువ చలేస్తుంటే వాళ్ళ పక్కకు వెళ్ళి కూర్చుంటుంది. పగలంతా అది మట్టిపిడతలో నిప్పుకణంగా నిద్రపోతూ మాతో వస్తుంది. సాయంత్రం కట్టెలు పేర్చి ఊదితే లేస్తుంది. పేర్చినచోట కాసేపు ఉంటుంది, అటూ ఇటూ చూస్తుంది, తర్వాత కట్టెలు ఈడ్చుకుంటూ జరుగుతుంది. "కాళ్ళు తీయండ్రా, మంట వస్తోంది" అంటాం. అంతే.

దీనికో ఆనవాయితీ ఉంది. కనుమ కింద ఆఖరి మజిలీలో మంట ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళు కనుమ దాటకూడదు, మర్నాడు కిందికి దిగిపోవాలి. అవతల చెట్టూ చేమా ఉండవు, మోసుకెళ్ళిన కట్టెలే దిక్కు. ఇక్కడే వణికేవాడు అక్కడ ఏమైపోతాడని పెద్దల ఆలోచన. మంచి ఆలోచనే. నా పక్కకు రెండేళ్ళు వరసగా వచ్చింది. నేను చచ్చేంత బాధపడ్డట్టు మొహం పెట్టి, గబగబా దిగి, బస్సెక్కి, పొద్దుగూకేలోపు ఇంట్లో వేడివేడి పప్పన్నం తిని పడుకున్నాను.

జ్ఞానో సంగతి అలా కాదు.

ఆమె మొగుడు తోతారామ్. పుట్టింది మొదలు మంచులో తిరిగినవాడు, పోయిన శీతాకాలం వెచ్చటి పల్లంలో మంద మేపుతుంటే జ్వరం తగిలి పోయాడు. గొర్రెలు ఆమెకు మిగిలాయి. మరిది జైసీ వచ్చి, "నీకెందుకు వదినా ఈ కొండలు? నీ మందని నా మందలో కలిపేస్తాను, ఇంటి దగ్గర కూర్చుని ఉన్ని వడుక్కో" అన్నాడు. జైసీ చెడ్డవాడు కాదు. కానీ అతని మందలో కలిసిన గొర్రె మళ్ళీ వేరుపడ్డ దాఖలా లేదు. కలిసిన పూటే, తనదన్న గుర్తుగా, చెవికి గాటు పెట్టేస్తాడు.

"నేను కనుమ దాటలేకపోతే కలుపుకో. దాటితే నా మంద జోలికి రాకు" అంది జ్ఞానో.

"సరే. మంట చెప్తుంది" అన్నాడు జైసీ.

అలా ఆ ఏడాది మేం నలుగురం బయల్దేరాం: జైసీ, మొగుడి చోలా తొడుక్కున్న జ్ఞానో, హుక్కాని చంటిపిల్లలా చంకనేసుకున్న మచ్లూ తాత, నేను.

చిక్కేమిటంటే జ్ఞానోకి చలెక్కువ. మొదటి మజిలీలోనే మంట తిన్నగా ఆమె పక్కకు వెళ్ళింది. ఆమె పడక చుట్టుకుని అవతలికి పోయింది. మంట అక్కడికీ వెళ్ళింది. ఆమె బండ ఎక్కి కూర్చుంది. మంట బండ చుట్టూ తిరిగి, దారి వెతుక్కుని, పైకెక్కింది.

"పోవే! ఆ మంగ్రూ దగ్గరికి పో, వాడెలా వణుకుతున్నాడో చూడు!" అని అదిలించింది.

మంగ్రూ అంటే నేనే. ఆమెకు సాయం చేద్దామని చేతనైనంత వణికాను, పళ్ళు కూడా టకటకలాడించాను. మంట నన్ను ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది. దొంగ వణుకు దానికి తెలుస్తుంది.

"ఏరా, మూర్ఛా?" అన్నాడు తాత.

ఆఖరి మజిలీ నాటికి జ్ఞానో గట్టిగానే సిద్ధపడింది. రెండు గొంగళ్ళు కప్పుకుంది. కాళ్ళ దగ్గర ఒక రాయి, ఒళ్ళో ఒక రాయి. మామూలుగా తినే నెయ్యికి రెట్టింపు తింది. అయినా ఆమె నిండుగా కూర్చోవడం చూస్తే ఇంకేదో ఉందనిపించింది. దారిలో ఈనిన మూడు గొర్రెలు ఆమె చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాయి.

"వదినా, నీ పొట్ట అరుస్తోంది" అన్నాడు జైసీ.

"ఆకలి."

"మే మే అని అరుస్తోంది."

"నా ఆకలి, నా ఇష్టం. ఎలాగైనా అరుస్తుంది."

"మరి ఈ గొర్రెలకేం పని ఇక్కడ?"

"పరామర్శకొచ్చాయిరా" అన్నాడు తాత హుక్కా పీలుస్తూ. "ఎవరింటికైనా ఊరకే వస్తారా?"

మంట లేచింది. జైసీ ముందునుంచి వెళ్ళింది, తాతను దాటింది, నన్ను లెక్కే చెయ్యలేదు. జ్ఞానో ముందు కాసేపు నిలబడింది. పిల్లల వెచ్చదనం పిల్లలదే అనుకుందో ఏమో, ఆమె పక్కనే చతికిలబడింది. వేడి తగలగానే చోలా మెడలోంచి ఒక గొర్రెపిల్ల తల బయటపెట్టి, ఎవరొచ్చారా అని చూసింది.

నవ్వాల్సిన సంగతే. ఎవరూ నవ్వలేదు. జ్ఞానో మూడు పిల్లల్నీ ఒక్కొక్కటిగా తీసి తల్లుల దగ్గర వదిలింది. వదులైపోయిన తాడు బిగించుకుంది.

"చెప్పిందిగా" అన్నాడు జైసీ, మెల్లగానే.

"చెప్పింది" అందామె.

మర్నాడు కనుమ మీద మబ్బు కూర్చుంది. పైకి ఎవరూ ఎక్కే వీల్లేదు. కానీ కిందికి దిగాల్సినవాళ్ళు దిగాలి. కనుమ దాటలేని పిల్లల్నీ తల్లుల్నీ కిందికి పోయేవాళ్ళకు అప్పగించడం రివాజు. జ్ఞానో ఆ మూడు పిల్లల్ని చోలాలో వేసుకుని, తల్లులు వెంట రాగా బయల్దేరింది. ఆమె మంద మాత్రం మజిలీలోనే ఉండిపోయి, ఆమె పోయినవైపు చూస్తూ నిలబడింది. జైసీ చెవులు గాటు పెట్టే కత్తి బయటికి తీశాడు, మబ్బు విడిచాక పెడదాంలే అని మళ్ళీ దోపుకున్నాడు. ఇంకా ఆమె వీపు కనబడుతుంటే కత్తి పట్టడానికి అతనికే ఏదోలా ఉన్నట్టుంది.

జ్ఞానో ఎంతో దూరం పోలేదు. మలుపు దగ్గర గుహలాంటి బండ కింద కూర్చుంది.

"ఏం వదినా, ఆగిపోయావేం?" అని కేకేశాడు జైసీ.

"కాళ్ళు నొప్పి!"

"పొద్దుగూకితే గడ్డకట్టిపోతావ్! నడు!"

"నా కాళ్ళు, నా బండ! ఇది నీ మజిలీ కాదుగా!"

ఇదివరకు మేం కిందికి పంపినవాళ్ళంతా నాలాంటివాళ్ళే, వెనక్కి చూడకుండా ఊళ్ళో పడేవాళ్ళు. దారిలో ఆగినవాళ్ళు లేరు. అందుకే అప్పుడేం జరుగుతుందో మాలో ఎవరూ ఆలోచించలేదు.

పొద్దు పోయింది. కట్టెలు పేర్చి మంటని లేపాను. మీద పెనం, పెనం మీద మొదటి రొట్టె, పక్కన టీ కెటిల్. మంట కాసేపు ఉంది. జైసీని చూసింది, తాతని చూసింది, నన్ను చూసింది. తర్వాత మెడ సాచి కిందికి చూసింది. నేను రొట్టె తిప్పుదామని చెయ్యి పెట్టేసరికి చేతికింద ఏమీ లేదు. పెనంతో, కెటిల్‌తో, ఒకవైపే కాలిన రొట్టెతో సహా మంట లేచి వాలు దిగిపోతోంది.

"పట్టుకోరా!" అన్నాడు జైసీ.

"దేన్ని పట్టుకోను, మంటనా?"

జైసీ అగ్గిపెట్టె తీసి, చితుకులు పోగేసి, కొత్త మంట అంటించాడు. అది చిన్నది. కాస్త కాళ్ళూచేతులూ రాగానే లేచి, పెద్దదాని వెనకాలే గునగునా దిగిపోయింది. మళ్ళీ అంటించాడు. అదీ అంతే.

"పుల్లలు తగలెయ్యకురా, రేపు పనికొస్తాయి" అన్నాడు తాత.

కాసేపు చీకట్లో కూర్చున్నాం. ముందు లేచింది నేనే. రొట్టె నా బాధ్యత కదా అన్నాను. నిజానికి నాకు చలేసింది. బండ కింద జ్ఞానో మూడు మంటల మధ్య కూర్చుని టీ పోస్తోంది.

"నీ రొట్టె వచ్చింది. ఒకవైపు మాడింది, ఇంకోవైపు పచ్చి. నీ చేతిదే, సందేహం లేదు" అంది.

నా వెనక తాత వచ్చాడు. "నిప్పు లేని హుక్కాతో నేనేం చేసుకోను తల్లీ" అంటూ కూలబడ్డాడు. తాత వెనక కుక్కలు. కుక్కలు కదిలితే గొర్రెలు ఉంటాయా? ఆమె మంద, జైసీ మంద, రెండూ వాలంతా పరుచుకుని దిగొచ్చాయి. పైన మిగిలింది జైసీ ఒక్కడే.

టీ సగం తాగామో లేదో, పెద్దమంట మెసలడం మొదలెట్టింది. ఇటు తిరిగింది, అటు తిరిగింది, పైకి చూసింది.

"ఏమే, ఇప్పుడేగా వచ్చావు?" అన్నాడు తాత.

మంట లేచింది. వాలు ఎక్కడం మొదలెట్టింది. చిన్నవి రెండూ ఆయాసపడుతూ దాని వెంట పడ్డాయి.

"చూశావా, వాడికోసం!" అన్నాను నేను. "కూర్చోనీ, ఒక్క పూట గడ్డకట్టనీ."

జ్ఞానో పిల్లల్ని చోలాలో సర్దుకుంటోంది. "లేవండి. మనం ఇక్కడ చలికి వణికామంటే అది మళ్ళీ ఇక్కడికి దిగాలి. పాపం అదెన్నిసార్లని తిరుగుతుంది?"

అందరం మళ్ళీ ఎక్కాం. జైసీ చంకల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు మంట, వెనక ఆమె, ఆమె వెనక మేం, మా వెనక మొత్తం మంద.

"నాకేం చ, చ, చలి లేదు" అన్నాడు.

మంట పోయి దాదాపు అతని ఒళ్ళో కూర్చుంది.

తాత తీరిగ్గా హుక్కాలో నిప్పు వేసుకున్నాడు. "జైసీ, ఇది ఆఖరి మజిలీయే కదూ?"

"ఊఁ."

"మంట ఎవరి పక్కన కూర్చుంది?"

"నిన్న కూర్చున్నదే లెక్క."

"ఆనవాయితీలో నిన్నా ఇవాళా అని లేదురా. కూర్చుంటే దిగాలి. ఇద్దరూ దిగండి." తాత పొగ వదిలి నా వైపు చూశాడు. "మందలు రెండూ మంగ్రూ తోలుకుపోతాడు."

అందరూ నన్ను చూశారు. గొర్రెలు కూడా చూశాయి. ఒక ముసలి పొట్టేలు గట్టిగా అరిచింది. ఆ మాట ఎవరికీ మింగుడుపడలేదు, ముందుగా నాకు.

జైసీ మంటకు చేతులు చాపాడు. అతని వణుకు తగ్గింది. ఆమె ఇంకా నిలబడే ఉంది. కనుమ మీంచి గాలి తిన్నగా ఆమె మీదికే కొడుతోంది.

"నా మంద సంగతి చెప్పు జైసీ. చెప్తే కూర్చుంటాను" అందామె.

జైసీ కాస్త జరిగాడు. మంట పక్కన ఒక మనిషికి చోటు చేశాడు.

"నీది నీదే. కూర్చో వదినా, అక్కడ గాలి" అన్నాడు. ఆమె కూర్చున్నాక, "టీ ఏమైనా మిగిలిందా?" అన్నాడు.

తెల్లారేసరికి మబ్బు విడిచింది. "ఇద్దర్నీ దింపితే మందలు దాటవు, ఇద్దరూ దాటండి" అని తాత తేల్చేశాడు. ముందు జైసీ మంద, వెనక జ్ఞానో మంద, వేరువేరుగా కనుమ దాటాయి. అవతల, చెట్టన్నది లేని చోట, మోసుకెళ్ళిన కట్టెలు పేర్చి మంటని లేపాను. అది అందర్నీ ఓసారి చూసి, తిన్నగా జ్ఞానో పక్కకు వెళ్ళి కూర్చుంది. ఆమె దాన్ని పొమ్మనలేదు. చలి ఆమెకు ఇప్పటికీ ఎక్కువే. మందా ఇప్పటికీ ఆమెదే.