యెల్బా మూతి చాపితే

పొద్దున్నే పొయ్యి దగ్గర యెల్బాకి చేతులు ఖాళీ ఉండవు. ఒక చేత్తో రొట్టె తిప్పుతూ, ఇంకో చేత్తో బీన్స్ కలుపుతూ ఉప్పు డబ్బా వైపు మూతి చాపుతుంది. డబ్బా బల్ల మీద జరుక్కుంటూ దగ్గరికి వచ్చేస్తుంది. రివాస్ ఊళ్ళో ఎవరైనా దేన్నైనా మూతితోనే చూపిస్తారు, వేలు పెట్టి చూపించేది పోలీసులే. యెల్బా చూపిస్తే ఆ వస్తువు వస్తుంది, అంతే తేడా. వీధిలో ఎవరి కోడి తప్పిపోయినా ఆమెనే పిలుస్తారు.

ఆమె మొగుడు ఎవెనోర్ బస్టాండు ముందు రిక్షా తొక్కుతాడు. లోపల టికెట్లు ఇచ్చేది యెల్బా. ఈ మధ్య అక్కడ కొత్త కంప్యూటర్ పెట్టారు. మీటలు నొక్కక్కర్లేదు, ఎదురుగా నిలబడి చెయ్యి ఊపితే చాలు. చెయ్యెత్తితే తెరుచుకుంటుందనీ, పిడికిలి బిగిస్తే మూసుకుంటుందనీ రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు నేర్పించి వెళ్ళాడు. తక్కిన గుమాస్తాలు ఈగలు తోలుతున్నట్టు ఊపీ ఊపీ అలిసిపోయేవాళ్ళు. యెల్బా చిల్లర లెక్కపెడుతూనే తెర మీద కావలసిన బస్సు వైపు మూతి చాపేది. ఆ బస్సు తెరంతా నిండి ముందుకొచ్చేది.

అద్దం బయట రిక్షా మీద కూర్చుని ఎవెనోర్ రోజంతా అదే చూసేవాడు. ఆమె మూతి చాపడం, ఆ తెర వెలిగిపోవడం. చూస్తూ వచ్చిన బేరాలు కూడా వదులుకునేవాడు.

"ముద్దు పెట్టమన్నట్టుంది కదరా!" అని పక్క రిక్షావాడు ఆజ్యం పోశాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఎవెనోర్ బయటపడ్డాడు. "ఆ డబ్బాగాడితో నీకేంటి అంత సరసం?"

"అది కంప్యూటరు. బుద్ధుందా నీకు?"

"ఉప్పుకి చాపావు. కోడికి చాపావు. పక్కింటి పందికి కూడా చాపావు. పెళ్ళయినప్పటి నుంచి నాకేసి ఒక్కసారైనా చాపావా?"

యెల్బా కంచం తీసేసి లేచింది. తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాడతను.

మర్నాడు సంచీతో ఆమె టికెట్ కిటికీ ముందే నిలబడ్డాడు. "సాన్ హోసేకి ఒకటి. పోవడానికే. సరిహద్దు అవతల మా అన్న తోటపని చూపిస్తానన్నాడు."

"నిజంగానే పోతావా?"

"ఆ. నీ ప్రియుడితో చెప్పి ఇప్పించు."

ఆమె మూతి చాపలేదు. అలవాటు లేని చెయ్యి పైకెత్తింది. తెర పలకలేదు. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ ఎత్తింది. చివరికి టికెట్ వచ్చింది.

బస్సెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుని ఎవెనోర్ కళ్ళు ఆమె మీదే పెట్టాడు. ఒక్కసారి చాపవే, నాకేసి ఒక్కసారి చాపు అని లోపల్లోపల బతిమాలుకున్నాడు. యెల్బా బయటికొచ్చి, రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని నిలబడింది.

జున్ను అమ్మే దోన్యా తోమాసా అరిచింది. "చేతులు తియ్యవే పిచ్చిమొహమా! బస్సు కదుల్తోంది!"

"తీస్తే వచ్చేస్తాడు పెద్దమ్మా!" వేళ్ళ సందుల్లోంచి ఏడుపు గొంతుతో అంది యెల్బా. "కోడి వచ్చినట్టు వచ్చేస్తాడు. ఇన్నాళ్ళూ నా దగ్గరికి తనంతట తనే వచ్చాడు. అదొక్కటే నాకున్నది."

ఎవెనోర్‌కి ప్రతి మాటా వినబడింది. జనాన్ని తోసుకుంటూ కదులుతున్న బస్సులోంచి దూకేశాడు. సంచీ మాత్రం సాన్ హోసేకి పోయింది.

పరుగున వచ్చి ఆమె ఎదురుగా నిలబడి, మూతి మీది చేతులు తనే తీశాడు. వాటి కింద పెదవులు ముందుకి చాపే ఉన్నాయి.

బస్సులోంచి దింపింది తన కాళ్ళేనో, ఆ పెదవులేనో ఎవెనోర్‌కి అంతుపట్టలేదు. అడిగితే నిజం చెప్పేస్తుందేమోనని ఇప్పటికీ అడగలేదు.