సలోమికి కట్టిన ఇల్లు

ఎల్లారెడ్డి పట్టణంలోని ఫంక్షన్ హాల్లో కాంట్రాక్టరు కృష్ణమోహన్‌కు సన్మానం. సముద్రం నడుమ ఉన్న ఒక చిన్న దేశంలో పేదలకు ఇళ్లు కట్టించి వచ్చాడట. మెడ నిండా పూలదండలు, ముఖంలో దేశాన్ని తానొక్కడే మోస్తున్నంత అలసట. మైకు పట్టినవాడల్లా ఆయనను దానకర్ణుడన్నాడు. వెనక బిర్యానీ డేగిసాల మూతలు తీసిన వాసన రాగానే పొగడ్తలు పొట్టివయ్యాయి.

ముందు వరుసలో, తల్లి విమలమ్మ పక్కన కూర్చున్న వినీతకు ఆ 'దానం' అన్న మాట వింటుంటే కంపరం పుట్టింది. ఆమెది కామారెడ్డి. కృష్ణమోహన్ కంపెనీలో ఇంజనీరు. ఆ ఇళ్లను దగ్గరుండి కట్టించింది ఆమే.

చదువరులు ఒక్క సంగతి గ్రహించాలి. ఆ ఇళ్ల కోసం ఆ దేశానికి మన సర్కారు ఇచ్చింది అప్పు. వడ్డీతో సహా తిరిగి కట్టాలి. పైగా సిమెంటు, ఇనుము, కట్టే కంపెనీ అన్నీ ఇక్కడివే కావాలని షరతు. ఇక్కడ బయలుదేరిన డబ్బు ఇక్కడి జేబుల్లోకే చేరింది. అప్పు మాత్రం అక్కడ మిగిలింది.

ఆ అప్పు మోయవలసినవాళ్లలో సలోమి ఒకతె. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. తుఫానులో గుడిసె కొట్టుకుపోతే కొత్త కాలనీలో ఆమెకు ఇల్లు వచ్చింది. తాళంచెవి ఇచ్చిన రోజు వినీతే వెంటబెట్టుకుని మూడో అంతస్తుకు తీసుకెళ్లింది. సలోమి గదులన్నీ తిరిగి చూసి, గోడను అరచేత్తో తడిమింది.

"గోడలు బాగున్నాయమ్మా. చేపలు ఎక్కడ ఎండబెట్టుకోను?" అని అడిగింది.

సముద్రం కొండకు అవతల ఉంది. మిద్దె మీద చేపలు పరచకూడదని నియమం. కొద్దిరోజులకే సలోమి ఇంటికి తాళం వేసి, రేవు పక్కన రేకుల పాకలోకి మారింది. ఆమె వెనకే ఇంకా కొన్ని కుటుంబాలు దిగిపోయాయి.

రెండో విడత పనికీ అదే నక్షా, అలాంటి అంతస్తుల ఇళ్లే అని తెలిసి, దాన్ని మార్చమని వినీత కృష్ణమోహన్‌ను అడిగింది.

"అప్పు వాళ్ల సర్కారుది, బిల్లు మనది. నడుమ చేపల లొల్లి నీకెందుకు?" అన్నాడాయన. "వాళ్లకు ఇల్లంటే ఏందో ఎర్కనా అసలు? ఇచ్చింది తీస్కోని దండం పెట్టాలె."

ఇప్పుడు ఈ సన్మాన సభలో ఆయనే నవ్వుతూ ఆమెను వేదిక మీదికి పిలిచాడు. "రెండో విడతకు మా వినీతనే మేనేజరు. అక్కడి ముచ్చట చెప్తది."

వినీత మైకు అందుకుంది.

"సార్‌ను దాత అన్నరు. మనం ఇచ్చింది అప్పు, సార్ తీసుకున్నది బిల్లు. రెండిట్ల దానం ఏదో నాకైతే కనవడలే," అంది. సలోమి సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, "ఆ ఇండ్లల్ల మస్తు ఖాళీ ఉన్నయి. మళ్ల గట్లనే కడ్తమంటున్నరు. నేనైతే కట్టను," అని ముగించింది.

"చిన్నపిల్ల. చదువు ఎక్కువైంది," అని కృష్ణమోహన్ నవ్వాడు. ఆయన నవ్వాడు గనుక వేదిక నవ్వింది. వేదిక నవ్వింది గనుక హాలు నవ్వింది. తర్వాత అందరూ కలిసి బిర్యానీ మీద పడ్డారు. ఖాళీ ఇళ్ల గురించి ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

తల్లీకూతుళ్లు తినకుండానే బస్టాండుకు నడిచారు.

"నౌకరీ పోయినట్టేనా బిడ్డా?" అంది విమలమ్మ.

"పోయింది."

"పోతే పోనీ. ఆ సలోమి రేకుల కిందనే ఉంటది గదా, మరి ఇంటి అప్పో?"

"ఆమె ఉప్పు కొన్నా, బియ్యం కొన్నా పన్ను కడ్తది గదా అమ్మా. అప్పు అండ్లకెళ్లే పోతది. రేపు ఆమె పిల్లలు గూడ కడ్తరు."

విమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఉండేటోళ్లను ఒక్క మాట అడిగితే వీళ్ల సొమ్మేం పోయింది?"

కంపెనీ మరో ఇంజనీరును పంపింది. రెండో కాలనీ అదే నక్షాతో లేచింది. కృష్ణమోహన్ మెడలో మళ్లీ దండలు పడ్డాయి.

అప్పిచ్చి దానమని చెప్పుకునేవాడిని గౌరవించడం మనం మానుకోవాలి. ఎవరి నెత్తిన అప్పు పెడుతున్నామో వాళ్లను అడగకుండా కట్టిన ఇల్లు, ఎంత గట్టిదైనా, వాళ్లకు చేసిన అన్యాయమే.