ముందుగా వెళ్ళిన మూట

రాజోలుకి పడమర, సఖినేటిపల్లి రేవుకి పోయే దారిలో పెద్దిరాజు అనే రైతు ఉండేవాడు. కొబ్బరితోట, వరిపొలం, మంచి ఎడ్లు, ఒక గూడుబండి. చెడ్డవాడు కాడు. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

అతని భార్య వీరమ్మ. ఆవిడకి ఒక్కతే చెల్లెలు, సత్యనారాయణమ్మ. ఆ చెల్లెల్ని నైజాం రాజ్యంలో, ఖమ్మంమెట్టు అవతల ఒక పల్లెకి ఇచ్చారు. పెళ్ళయి వెళ్ళాక అక్కచెల్లెళ్ళు మళ్ళీ కలుసుకోలేదు. మధ్యలో గోదావరి పాయ, బోలెడు ఊళ్ళు, ఒక సరిహద్దు. ఇటు కంపెనీ దొరల రాజ్యం, అటు నవాబుది.

గన్నవరం దగ్గర గోదావరి పాయ మీద వంతెనలా కట్టిన అక్విడక్టు మీదుగా కాలవ నీళ్ళు కొత్తగా పొలాలకి వస్తున్న రోజులవి. నూకరాజు అనే బళ్ళవాడు ఇక్కడి కొబ్బరికాయలు అటు తోలి, అక్కడి మిరపకాయలు ఇటు తెచ్చేవాడు. ఒక మాఘమాసంలో అతను కబురు తెచ్చాడు.

"చెల్లెమ్మగారి కళ్ళకి పొర కమ్ముతోందండి. ఒక కన్ను పోయిందంటండి. రెండోది మసక మసగ్గా ఉంది. ఆ చూపు ఉండగానే ఒక్కసారి అక్కని వచ్చి కనపడమని చెప్పమన్నారండి."

వీరమ్మకి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. వాళ్ళ తల్లి పోయేటప్పటికి చెల్లెలు ఇంకా పాకుతోంది. తల్లి మొహం దానికి తెలీదు. చిన్నప్పుడు అందరినీ అడిగేది, అమ్మ ఎలా ఉండేదని. పెద్దవాళ్ళు వీరమ్మని చూపించి, దీనికి వయసొస్తే అచ్చం మీ అమ్మే అనేవారు. ఇప్పుడు వీరమ్మకి ఆ వయసొచ్చింది. చెల్లెలు అక్కని చూడాలంటోంది కానీ, చూడాలన్నది అమ్మని.

ఆ సంగతి వీరమ్మ మొగుడికి చెప్పింది. పెద్దిరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. తప్పకుండా వెళ్దాం, అందరం వెళ్దాం అన్నాడు. ఆ "అందరం" దగ్గరే మొదలైంది.

మర్నాడు అతని తమ్ముడు బంగారరాజు వాకిట్లో కొబ్బరి చిప్పలు బోర్లించి ఊళ్ళు పెట్టాడు. ఇది సఖినేటిపల్లి రేవు, పంటు ఎక్కి దాటితే ఇది నరసాపురం, ఇది పాలకొల్లు, ఇది ఏలూరు, ఇది నూజివీడు, ఇది తిరువూరు, అది దాటితే నవాబు గారి చౌకీ, ఆ తరవాత ఖమ్మంమెట్టు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా, బెజవాడ కనకదుర్గమ్మని చూడకుండా ఎలా అని పెద్దిరాజు ఒక చిప్ప పెట్టాడు. భద్రాచలం కూడా నవాబు సీమలోనే ఉంది, మళ్ళీ మళ్ళీ పోతామా అని బంగారరాజు ఇంకో చిప్ప పెట్టాడు. కోడలు వెంకటలక్ష్మికి గుడివాడలో మేనత్త ఉంది. ఆ పిల్ల ఏమీ అనలేదు గానీ అటే చూస్తూ కూర్చుంది. అందుకని గుడివాడకీ ఒక చిప్ప పెట్టారు.

వీరమ్మ చాటలో బియ్యం ఏరుతూ ఒక్క మాట అంది. "ఇన్ని చిప్పలెందుకండీ. మా చెల్లెలిది ఒక్కటే కదా."

"నీకు తెలీదు వదినా. ప్రయాణం అంటే ఓ లెక్కుండాలి" అన్నాడు బంగారరాజు. అతను అంతవరకు నరసాపురం దాటి ఎరగడు.

సిద్ధాంతిగారు వారశూల చూసి, వర్జ్యం చూసి, ముహూర్తం పెట్టారు. ఆ రోజుకి ఒక ఎద్దుకి గిట్ట వాచింది. అందుకని ప్రస్థానం పెట్టారు.

ఈ ఆచారం తెలియనివాళ్ళకి చెబుతాను. ముహూర్తానికి మనిషి కదలలేకపోతే, అతని బట్టల మూట ఒకటి కట్టి, వెళ్ళే దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా పెట్టి వస్తారు. మూట గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే. మనిషి కొద్దిరోజుల్లో వెనకాలే వెళ్ళాలి. గడువు దాటితే మూట ఇంటికి తెచ్చుకుని, మళ్ళీ మంచిరోజు చూసి మళ్ళీ పెట్టాలి. ఇందులో పెద్ద తప్పేమీ లేదు, వెనకాల మనిషి వెళ్ళేటట్టయితే.

వీరమ్మ మూటలో తన చీర ఒకటి, చెల్లెలికి కొన్న ఎర్రంచు చిలకపచ్చ చీర ఒకటి, కొబ్బరి ఉండలు పెట్టింది. పడమటింటి మంగాయమ్మ దాన్ని పసుపు రాసిన పీట మీద పెట్టుకుని, ఏ ప్రయాణానికీ ఎవరూ ఇంత వైభవంగా బయలుదేరలేదంది. ఆ రాత్రి పెద్దిరాజు సుఖంగా నిద్రపోయాడు. వెళ్ళాల్సిన పని సగం అయిపోయిందనిపించింది అతనికి. ఊళ్ళో ఎవరు అడిగినా, "ఆయ్, బయలుదేరేవండి. ప్రస్థానం పెట్టేం" అనేవాడు. అడిగినవాళ్ళూ సంతోషించేవారు. ఇలాంటి సంతోషం ఎంత పని చెడగొడుతుందో ఎవరూ చూసుకోరు.

ఎద్దు గిట్ట మానేసరికి రెండో పంటకి కాలవ వదిలారు. నీళ్ళున్నప్పుడు పొలం వదిలి పోతే పక్కవాడు గట్టు తెగ్గొడతాడు. మూట ఇంటికి వచ్చింది. కొబ్బరి ఉండలకి చీమలు పట్టాయి. పంట ఎత్తాక మళ్ళీ ముహూర్తం, మళ్ళీ మూట. ఈసారి పెద్దిరాజుకి చౌకీ భయం పట్టుకుంది. నవాబు సిపాయిలు ప్రతి బండీ ఆపి సోదా చేస్తారట, పరవానా లేకపోతే ఖైదులో వేస్తారట. అమలాపురం వెళ్ళి కచేరీలో అడిగాడు. పరవానా గిరవానా ఏమీ అక్కర్లేదు పొమ్మన్నారు. అంత తేలిగ్గా అక్కర్లేదన్నారంటే ఇందులో ఏదో ఉందని అతను ఇంకా బెదిరాడు.

ఈలోగా ఉత్తరాన సిపాయిలు తిరగబడ్డారని వార్త వచ్చింది. హైదరాబాదులో కూడా తుపాకులు పేలాయని సంతలో చెప్పుకున్నారు. ఆ వెంటనే వశిష్ఠ గోదావరికి వరద వచ్చి పంట్లు ఆగిపోయాయి. వరద తీశాక మళ్ళీ పెడదామన్నారు. పెట్టారు కూడా, ఒకసారి కాదు, గడువు తీరినప్పుడల్లా. మూటే వెళ్ళింది, మనుషులు కాదు. ఆ మధ్యలో ఎన్నోసార్లు నూకరాజు బళ్ళు ఆ వాకిలి ముందునుంచే ఖమ్మంమెట్టు వెళ్ళి వచ్చాయి. ఆ బండి మీద వీరమ్మ వెళ్తే సరిపోయేది. ఆ మాట ఎవరికీ తోచలేదు. వీరమ్మకి తోచింది గానీ, కొబ్బరికాయల బండెక్కి ఆడమనిషి దేశాలు పట్టిపోతే నలుగురూ ఏమనుకుంటారని లోపలే మింగేసింది. నలుగురూ ఏమనుకునేవారో నాకు తెలీదు. ఏదో ఒకటి అనుకుని మర్నాటికి మరిచిపోయేవారు.

రెండేళ్ళు గడిచాయి. మళ్ళీ మాఘమాసం. నూకరాజు బండి దిగి వాకిట్లోకి వచ్చాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. వీరమ్మ ఆ గుడ్డ చూసి నిలబడిపోయింది.

"బతికే ఉన్నారండి, కంగారు పడకండి" అన్నాడు ముందుగా. "చూపు మాత్రం ఆరిపోయిందండి. దీపావళి నాటికి దీపం తెలిసేదంట. ఇప్పుడు అదీ లేదంటండి."

వీరమ్మ ఏడవలేదు. మళ్ళీ ఎప్పుడు అటు పోతున్నావని అడిగింది. కాయలు ఎత్తాను, ఇప్పుడే అన్నాడతను. ఆవిడ సరాసరి మంగాయమ్మ ఇంటికెళ్ళి పీట మీది మూట తీసుకుంది. పెద్దిరాజు అడ్డం వచ్చాడు. ఇవాళ మంగళవారం, వర్జ్యం ఉంది, ఎల్లుండి మంచిది అని బతిమాలాడు.

"మంచిరోజులన్నిటికీ మూట ఎల్లిందండి. చెడ్డరోజుకి నేనెల్తాను" అంది వీరమ్మ.

కాయల మీద గోనె పరిచి నూకరాజు చోటిచ్చాడు. పెద్దిరాజు కొంతసేపు వాకిట్లో నిలబడి, తాటాకు గొడుగు పుచ్చుకుని బండి వెనకాల పరుగెత్తాడు. రేవు దగ్గర అందుకున్నాడు.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పంటు దాటారు. పాలకొల్లులో వంట చేసుకున్నారు. ఏలూరులో ఇరుసు బిగించుకున్నారు. నూజివీడు మామిడితోటల్లో పడుకున్నారు. తిరువూరు దాటాక ఒక వాగు, వాగు ఒడ్డున పాక, పాకలో నవాబు సిపాయి ఒకడు కునుకు తీస్తున్నాడు. పెద్దిరాజు గొడుగు చాటున నక్కాడు. సిపాయి లేచి, బండిలో ఏముందని అడిగి, ఒక కొబ్బరికాయ తీసుకుని, చెవి దగ్గర ఆడించి నీళ్ళు చూసుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు.

రెండేళ్ళు ఇంటిల్లిపాదీ భయపడ్డ సరిహద్దు అది. ఒక్క కొబ్బరికాయ.

సత్యనారాయణమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. వీరమ్మ వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చెల్లెలు ఆ చేతిని తడిమి, ఎవరో ముసలమ్మ అనుకుంది. గొంతు విన్నాక తెలిసింది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. అది రాయను.

తరవాత చెల్లెలు రెండు చేతులూ పెట్టి అక్క మొహం తడిమింది. నుదురు, కనుబొమలు, ముక్కు, గడ్డం. మళ్ళీ మొదటినుంచీ తడిమింది. వేళ్ళకి ముడతలు తెలిశాయి. మొహం తెలియలేదు.

"వేళ్ళకి అందట్లేదక్కా. నోటితో చెప్పు. అమ్మ ఎలా ఉండేది? నువ్వెలా ఉన్నావో అది చెప్పు చాలు."

వీరమ్మ తన మొహం తనే తడిమి చూసుకుంది. తల్లి పోయినప్పుడు తనూ చిన్నదే, ఆ మొహం ఎప్పుడో చెరిగిపోయింది. తన మొహమా, తమ ఇంట్లో అద్దం లేదు. చెరువు నీళ్ళలో కదిలే నీడ తప్ప ఆవిడ తనని తాను ఎప్పుడూ సరిగ్గా చూసుకోలేదు. తల్లిలా ఉన్నానని ఒకరు చెప్పగా విన్నదే.

మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ. మీరు చెప్పండి. నా మొహం ఎలా ఉంటుంది?"

పెద్దిరాజు గొడుగు పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. సఖినేటిపల్లి నుంచి ఖమ్మంమెట్టు దాకా ప్రతి మజిలీ అతనికి కంఠతా వచ్చు. ఏ ఊరి తరవాత ఏ ఊరో, ఏ రేవులో పంటు ఎప్పుడు కదులుతుందో, ఏ సత్రంలో నీళ్ళు బాగుంటాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

"ఎలా ఉంటుందంటే..." అని మొదలుపెట్టాడు.

గుడ్డి చెల్లెలు మొహం అతని వైపు తిప్పి, తల కొంచెం వంచి, వినడానికి సిద్ధంగా కూర్చుంది.

అతను పెళ్ళాం మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాటా దొరకలేదు.